ఏజెంట్ పలకట్లేదంటే రీస్టార్ట్ కొట్టేముందు సర్వర్‌లో చూడాల్సినవి

పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే ఒక ఆఫీసు అనుకుందాం. మూలన చిన్న లైనక్స్ పీసీ, అందులో డాకర్ (ప్రోగ్రామ్‌ని కంటైనర్ అనే విడి డబ్బాలో పెట్టి నడిపేది) మీద ఏఐ ఏజెంట్, వాట్సాప్‌లో వచ్చిన ఆర్డర్ చదువుకుని స్టాక్ టేబుల్ చూసి బిల్లు డ్రాఫ్ట్ రాసిపెడతాది. పొద్దున్నే ఓనరు గారు "ఏటిరా బాబూ, ఇది పలకట్లేదు" అన్నారంటే మనవాళ్లు మొదట చేసేది రీస్టార్ట్. దయచేసి అదొక్కటి ముందే చెయ్యకండి. మెమరీ ఎవరు తినేశారో, ఏ కనెక్షన్ ఇరుక్కుపోయిందో ఆ ఆనవాళ్లు రీస్టార్ట్‌తో పోతాయి, కంటైనర్‌ని తీసేసి కొత్తగా లేపారంటే దాని లాగ్ (జరిగిందంతా రాసుకునే ఫైలు) కూడా పోద్ది, కాసేపు బాగుండి మళ్లీ అదే గొడవ.

కింద నుంచి పైకి రండి, ముందు మెషీను. టెర్మినల్‌లో అప్‌టైమ్ అని కొట్టండి, రాత్రి కరెంటు పోయి మెషీను మళ్లీ లేచిందా లేదా అక్కడే తెలిసిపోద్ది. దాని పక్కన ఉండే మూడు నంబర్లు గత 1, 5, 15 నిమిషాల లోడ్, మీ పీసీకి 4 కోర్లు ఉండి లోడ్ 9 దగ్గర చాలాసేపు నిలబడితే పనులు క్యూ కట్టేశాయని అర్థం, కాకపోతే లైనక్స్‌లో డిస్క్ కోసం ఎదురుచూసేవి కూడా ఈ లెక్కలోకే వస్తాయి కాబట్టి సీపీయూ ఖాళీగా ఉండి లోడ్ ఎక్కువుంటే డిస్క్‌ని అనుమానించండి. మెమరీకి ఫ్రీ మైనస్ హెచ్, అందులో ఫ్రీ అనే కాలమ్ చూసి కంగారుపడొద్దు, అవైలబుల్ అనేదే చూడాలి.

డిస్క్‌కి డీఎఫ్ మైనస్ హెచ్. నా లెక్కలో చిన్న ఆఫీసుల్లో ముందు అనుమానించాల్సింది ఇదే, ఎందుకంటే డాకర్ మామూలుగా రాసే లాగ్ ఫైలుకి మనం సైజు లిమిట్ పెట్టకపోతే అది పెరుగుతానే ఉంటాది, ఏజెంట్ అయితే ప్రతి మాటా, స్టాక్ టేబుల్ లాంటివి చూడ్డానికి చేసే ప్రతి టూల్ పిలుపూ లాగ్‌లో పోస్తాది. డాకర్ లాగ్ సెట్టింగుల్లో మ్యాక్స్ సైజ్, మ్యాక్స్ ఫైల్ రెండూ తప్పకుండా సెట్ చెయ్యండి. ఖాళీ ఉన్నాది గానీ ఫైలు రాయలేకపోతోంది అంటే డీఎఫ్ మైనస్ ఐ కొట్టి ఐనోడ్లు (ఒక్కో ఫైలుకి ఒకటి చొప్పున వాడే ఎంట్రీలు) అయిపోయాయేమో చూడండి.

తర్వాత డాకర్ పీఎస్ మైనస్ ఏ, ఆగిపోయిన వాటితో సహా కంటైనర్లన్నీ కనిపిస్తాయి. ఎగ్జిట్ కోడ్ 137 కనిపిస్తే ప్రాసెస్‌ని బలవంతంగా చంపేశారని, ఎక్కువసార్లు మెమరీ చాలకే అలా అవుద్ది, డాకర్ ఇన్‌స్పెక్ట్‌లో ఓఓఎమ్ కిల్డ్ (మెమరీ అయిపోయి చంపేశారు అని) దగ్గర ట్రూ అని ఉంటే ఇక డౌటే లేదు. ఇంకొకటి చాలామందికి తెలీదు, కంటైనర్ అన్‌హెల్దీ అని చూపించినంత మాత్రాన ఉత్త డాకర్ దాన్ని రీస్టార్ట్ చెయ్యదు, ప్రాసెస్ ఆగిపోతేనే రీస్టార్ట్ పాలసీ పనిచేస్తాది. ఆ పాలసీ కూడా పెట్టి ఉంచండి, యూపీఎస్ కూడా పెట్టండి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, మనకి ఇది ఊరికే చెప్పే జాగ్రత్త కాదు.

కరెంటు పోయి వచ్చాక టైమ్‌డేట్ సీటీఎల్ కొట్టి గడియారం కూడా చూడండి. బోర్డు మీద బ్యాటరీ అయిపోతే తేదీ ఎప్పటికో వెనక్కి పోద్ది, అప్పుడు బయట సర్వర్ల సర్టిఫికెట్లు చెల్లవని ఎర్రర్ వస్తాది, మనం నెట్‌ని తిట్టుకుంటూ కూర్చుంటాం.

ఇప్పుడు హెల్త్ లింక్, అంటే ఏజెంట్ బతికుందా అని అడిగే అడ్రస్. కర్ల్ అనే కమాండ్‌తో అడిగితే 200, అంటే ఓకే అనే కోడ్, వచ్చింది అనుకోండి, ప్రాసెస్ బతికుందని మాత్రమే తెలిసింది, పని చెయ్యగలదా అన్నది వేరే ప్రశ్న. మామూలు వెబ్‌సైట్ చెడిపోతే పేజీ రాదు, ఎవరికైనా తెలుస్తాది. ఏజెంట్ అలా కాదు, స్టాక్ టేబుల్ అందకపోయినా మోడల్ (లోపల జవాబులు రాసే ఏఐ) చక్కగా ఏదో ఒక జవాబు చెప్పేయగలదు, ఆ తప్పు అంకె నమ్మి కస్టమర్‌కి మాట ఇచ్చేస్తే నష్టం మనదే. నాకు అసలు భయం ఇక్కడే.

అందుకే మోడల్‌ని విడిగా అడగండి, టూల్స్‌ని విడిగా అడగండి. మోడల్ బయట ఏపీఐ (నెట్ మీద వేరే కంపెనీ నడిపేది) అయితే 401 వస్తే కీ తప్పు, 429 వస్తే లిమిట్ దాటారు, 500 పైన వస్తే సాధారణంగా అవతల వాళ్ల సమస్య, కాసేపు ఆగి మళ్లీ ప్రయత్నించాలి. మన పీసీలోనే ఒల్లామా (మోడల్‌ని సొంత మెషీన్లో నడిపే ప్రోగ్రామ్) నడుస్తుంటే 11434 పోర్ట్ పలుకుతోందా చూడండి, ఏజెంట్ డాకర్ లోపల ఉండి ఒల్లామా బయట ఉంటే 127.0.0.1 అని రాస్తే దొరకదు, కంటైనర్‌కి ఆ అడ్రస్ అంటే తనే.

టూల్స్ ఎంసీపీ మీద ఉంటే, అదే ఏజెంట్‌ని టూల్స్‌కి కలపడానికి 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ ఇచ్చిన ప్రోటోకాల్, టూల్స్ లిస్ట్ అడిగి మీవన్నీ వస్తున్నాయా చూడండి. ఎస్‌టీడీఐఓ పద్ధతిలో, అంటే ప్రోగ్రామ్ మామూలు ఇన్‌పుట్ అవుట్‌పుట్ మీదే మెసేజ్‌లు నడిచే సర్వర్ అయితే కోడ్‌లో ఎవరైనా డీబగ్ కోసం ఒక్క ప్రింట్ పెట్టినా అది ప్రోటోకాల్ మెసేజ్‌ల మధ్యలో దూరి కనెక్షన్ చెడగొట్టొచ్చు, లాగ్‌లన్నీ ఎస్‌టీడీ ఎర్రర్ అనే వేరే దారిలోకి పంపాలి.

ఆఖరికి ఒక నిజమైన పని ఇవ్వండి, "డబ్ల్యూ 320 ఎన్ని టిన్నులున్నాయి" (అదొక జీడిపప్పు గ్రేడు) అని అడిగి, వచ్చిన అంకెని స్టాక్ టేబుల్‌తో పోల్చి, లాగ్‌లో టూల్ పిలుపు నిజంగా వెళ్లిందా లేదా చూడండి. అంకె కలిసినా పిలుపు లేకపోతే పాస్ అనుకోవద్దు. ఇదే ప్రశ్న రోజూ షాపు తెరిచేముందు క్రాన్‌లో (చెప్పిన టైముకి పని నడిపేది) నడిచేలా పెట్టండి. మెషీను బతికుందా అని చూసే చెక్ మాత్రం వేరే చోట నుంచి నడవాలి, ఆగిపోయిన పీసీ తను ఆగిపోయానని మెసేజ్ పంపలేదు కదా.

ఇంత చూసినా తెగకపోతే లాగ్‌లు తీసి తెలిసిన వాళ్లకి పంపుతారు, మంచిదే. పంపేముందు ఒకసారి చదవండి, డాకర్ ఇన్‌స్పెక్ట్ అవుట్‌పుట్‌లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌తో (కంటైనర్‌కి మనం ఇచ్చిన సెట్టింగులు) పాటు ఏపీఐ కీ కూడా ఉన్నదున్నట్టు కనిపిస్తాది, లాగ్‌లో కస్టమర్ల ఫోన్ నంబర్లు ఉంటాయి. అవి చెరిపి పంపండి, కీ ఇప్పటికే ఏదైనా గ్రూపులో పడిపోయి ఉంటే ఈరోజే మార్చేయండి.