మీ ఫుట్‌బాల్ క్లబ్ మునిగిపోతుందేమో ముందే పసిగట్టడం ఎలా? ముందు గ్రౌండ్ ఎవరి పేరున ఉందో చూడండి

విజయవాడలోనూ గుంటూరులోనూ శనివారం సాయంత్రం నుంచి ఇంగ్లండ్ మ్యాచ్‌లకు అతుక్కుపోయే కుర్రాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఎవరు ఎన్ని గోల్స్ కొట్టారో, ఎవర్ని ఎంతకి కొన్నారో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. అదే మీ క్లబ్ ఆడే గ్రౌండ్ ఎవరిది అని అడిగితే, క్లబ్‌దే కదా అంటారు. చాలా క్లబ్బుల విషయంలో అది నిజం కాదు. క్లబ్ బతుకుతుందా లేదా అన్నది చివరికి అక్కడే తేలుతుంది కాబట్టి, దాన్ని మీ అంతట మీరే ఎలా చూసుకోవాలో ఇక్కడ చెప్తాను. నేను గుంటూరులో ఒక ఆడిటర్ దగ్గర పనిచేస్తాను, రోజంతా బ్యాలెన్స్ షీట్లతోనే గడుస్తుంది, ఇందులో చెప్పేదేదీ చదువుకున్న కుర్రాడెవరికైనా కష్టం కాదు.

తాడేపల్లిలోనో మంగళగిరిలోనో రెండొందల గజాల స్థలం కొనాలంటే అడ్వాన్స్ ఇచ్చేముందు ఏం చేస్తాం? ఈసీ తీయిస్తాం, లింకు డాక్యుమెంట్లు అడుగుతాం, ఎక్కడైనా తనఖా ఉందేమో లాయర్‌కి చూపిస్తాం. క్లబ్ విషయంలో కూడా సరిగ్గా ఇదే పని, కాకపోతే రిజిస్ట్రేషన్ ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు, ఫోన్లోనే అయిపోతుంది.

బ్రిటన్ క్లబ్ అయితే కంపెనీస్ హౌస్ (అక్కడి కంపెనీల రిజిస్ట్రార్) సైట్ తెరవండి. లాగిన్ లేదు, డబ్బులు లేవు. క్లబ్ పేరు కొడితే అలాంటి పేర్లతోనే చాలా కంపెనీలు వస్తాయి, కంగారుపడకండి, పేరు చివర ఫుట్‌బాల్ క్లబ్ లిమిటెడ్ అనో కంపెనీ అనో ఉన్నదాంతో మొదలుపెట్టండి. పైనే కంపెనీ స్టేటస్ ఉంటుంది, యాక్టివ్ అనో, ఇన్ అడ్మినిస్ట్రేషన్ (అప్పులు తీర్చలేక బయటి నిపుణుడి చేతికి వెళ్లింది) అనో. దాని కింద లెక్కలు ఎప్పటిలోగా దాఖలు చేయాలో తేదీ ఉంటుంది, ఆ తేదీ దాటిపోతే పక్కన ఓవర్‌డ్యూ అని పడుతుంది. ఓవర్‌డ్యూ కనిపిస్తే తేలిగ్గా తీసుకోవద్దు. లెక్కలు సమయానికి ఇవ్వని క్లబ్‌లో చాలాసార్లు ఆడిటర్ సంతకం పెట్టడానికి ఒప్పుకోని విషయం ఏదో ఉంటుంది.

తర్వాత చార్జెస్ అనే ట్యాబ్ నొక్కండి. ఆ ట్యాబే లేకపోతే ఆ కంపెనీ ఆస్తి మీద రిజిస్టరైన తనఖా లేదని అర్థం. ఉంటే ఒక్కో తనఖా పక్కన అవుట్‌స్టాండింగ్ అనో, శాటిస్‌ఫైడ్ అనో రాసి ఉంటుంది. రెండోది తీరిపోయిన అప్పు, వదిలేయండి. మొదటిది తెరిస్తే తనఖా పెట్టిన తేదీ, ఎవరికి పెట్టారు, ఏ ఆస్తి పెట్టారు అన్నీ కనిపిస్తాయి. అప్పిచ్చింది పేరున్న బ్యాంకా, ఎవరూ వినని ఫైనాన్స్ కంపెనీయా, లేక యజమాని సొంత కంపెనీయేనా చూడండి. బ్యాంకు అయితే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. ఎక్కువ వడ్డీకి అప్పులిచ్చే కంపెనీ చేతిలో స్టేడియం ఉంటే, బ్యాంకులు అప్పివ్వడం మానేశాయా అన్న అనుమానం రావాల్సిందే.

ఇక లెక్కల పీడీఎఫ్. మొత్తం చదవక్కర్లేదు. గోయింగ్ కన్సర్న్ అన్న నోటు చూడండి, అందులో మెటీరియల్ అన్‌సర్టెంటీ అన్న మాట ఉంటే, యజమాని జేబులోంచి డబ్బులు రాకపోతే క్లబ్ నడవడం అనుమానమేనని చెప్తున్నట్టు. జీతాలు ఆదాయంలో ఎంత శాతమో లెక్కకట్టండి. యూరప్ టోర్నీల్లో ఆడే క్లబ్బులు జట్టు ఖర్చును ఆదాయంలో 70 శాతం దాటనివ్వకూడదని యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యుయెఫా నిబంధన. ఇంగ్లండ్ రెండో డివిజన్ ఛాంపియన్‌షిప్‌లోనైతే క్లబ్బులన్నిటి జీతాలు కలిపితే వచ్చే ఆదాయాన్నే మించిపోయిన సీజన్లు చాలా ఉన్నాయి. ప్రీమియర్ లీగ్‌లోకి ఎక్కితే అన్నీ తీరిపోతాయన్న ఆశతో పెట్టే ఖర్చు అది. చివరగా రిలేటెడ్ పార్టీ నోటు, అంటే యజమానితోనూ ఆయన ఇతర కంపెనీలతోనూ జరిగిన లావాదేవీలు, దాంతోపాటు స్థిరాస్తుల నోటు. పోయినేడాది ఉన్న స్టేడియం ఈ ఏడాది ఆస్తుల్లోంచి మాయమైందంటే ఎవరికో అమ్మేశారు.

ఎవరికి అమ్ముతారు అంటారా? తమకే తాము. డెర్బీ కౌంటీ సంగతి చూడండి. 2018లో ప్రైడ్ పార్క్ స్టేడియాన్ని అప్పటి యజమాని మెల్ మోరిస్ సొంత కంపెనీకే సుమారు 8 కోట్ల పౌండ్లకు అమ్మారు. లెక్కల్లో నష్టం కాస్తా లాభంగా మారింది, నష్టాల పరిమితి నిబంధన నుంచి ఆ ఏడాదికి బయటపడ్డారు, క్లబ్ మాత్రం తన గ్రౌండ్‌లోనే కిరాయిదారు అయిపోయింది. 2021 సెప్టెంబర్‌లో క్లబ్ అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది. దానికి 12 పాయింట్లు, లెక్కల్లో తేడాలకు మరో 9, మొత్తం 21 పాయింట్లు పోయి 2022లో మూడో డివిజన్‌కి పడిపోయింది. షెఫీల్డ్ వెన్స్‌డే కూడా తన స్టేడియం హిల్స్‌బరోని యజమాని డెజ్‌ఫాన్ చాన్సిరి కంపెనీకి 6 కోట్ల పౌండ్లకు అమ్మింది, 2025 అక్టోబర్‌లో అదీ అడ్మినిస్ట్రేషన్‌లోకే వెళ్లింది, అక్కడా 12 పాయింట్ల కోత. అందుకే యజమానికి స్టేడియం అమ్మారన్న వార్త చూసి, మనవాడి దగ్గరే ఉందిగా అని సరిపెట్టుకోవద్దు. ఇవాళ యజమానిగా ఉన్న మనిషి రేపు క్లబ్ అమ్మేసి, స్టేడియం తన దగ్గరే ఉంచుకోవచ్చు.

గ్రౌండ్ చేజారితే ఏమవుతుందో కావెంట్రీ సిటీ అభిమానులను అడగాలి. నన్ను అన్నిటికంటే బాధపెట్టిన కథ ఇది. 2005లో తరతరాల హైఫీల్డ్ రోడ్‌ని వదిలేసి కొత్త స్టేడియానికి వెళ్లారు. అది కౌన్సిల్, ఒక చారిటీ కలిసి నడిపే కంపెనీ చేతిలో ఉంది, కిరాయి ఏడాదికి 12 లక్షల పౌండ్ల పైమాటే. జట్టు కింది డివిజన్‌కి పడి టికెట్ల ఆదాయం తగ్గినా కిరాయి తగ్గలేదు. కిరాయి కట్టడం ఆపేశారు, గొడవ ముదిరింది, 2013లో అడ్మినిస్ట్రేషన్, అప్పట్లో 10 పాయింట్ల కోత. ఆ తర్వాత సొంత ఊళ్లో ఆడాల్సిన మ్యాచ్‌లు నార్తాంప్టన్‌లో ఆడారు. విజయవాడ నుంచి గుంటూరు ఎంతో దానికంటే దూరం అది, చాలామంది అభిమానులు వెళ్లడానికి ఒప్పుకోలేదు. 2014లో ఆ స్టేడియాన్ని వాస్ప్స్ అనే రగ్బీ క్లబ్ కొనేసింది, 2019 నుంచి రెండు సీజన్లు కావెంట్రీ బర్మింగ్‌హామ్‌లో తలదాచుకుంది, 2022లో వాస్ప్స్ కూడా కూలిపోయి స్టేడియం వ్యాపారి మైక్ యాష్లీ చేతికి వెళ్లింది. చివరికి 2025 ఆగస్టులో క్లబ్ దాన్ని కొనుక్కుంది. సొంత గ్రౌండ్ కోసం ఇరవై ఏళ్లు!

కాబట్టి లీజు అయితే మూడు విషయాలు వెతకండి. ఇంకా ఎన్నేళ్లు మిగిలింది, కింది డివిజన్‌కి పడితే కిరాయి తగ్గుతుందా, మ్యాచ్ రోజు పార్కింగ్, తిండి, ప్రకటనల డబ్బు ఎవరికి పోతుంది. మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు, కానీ చిన్న క్లబ్ రోజువారీ నడిచేది దాని మీదే.

అడ్మినిస్ట్రేషన్ వచ్చేసిందా? ముందు కంగారు తగ్గించుకోండి. అడ్మినిస్ట్రేషన్ అంటే క్లబ్ మూసేయడం కాదు, అది లిక్విడేషన్. అడ్మినిస్ట్రేషన్‌లో ఒక లైసెన్సున్న ఇన్సాల్వెన్సీ నిపుణుడు డైరెక్టర్ల స్థానంలో కూర్చుంటాడు, అప్పులవాళ్లు కోర్టులకెక్కడం కొంతకాలం ఆగుతుంది, ఆయన పని కొనేవాణ్ని వెతకడం. ఈలోపు ఆటగాళ్లను అమ్మొచ్చు, ఆఫీసు ఉద్యోగులను తీసేయొచ్చు. పాయింట్ల కోత ప్రీమియర్ లీగ్‌లో 9, కింది మూడు డివిజన్లలో 12. ఆ తర్వాత కూడా తనఖా లేని మామూలు అప్పులవాళ్లకు పౌండుకు కనీసం 25 పెన్నీలు వెంటనే, లేదంటే మూడేళ్లలో 35 పెన్నీలు ఇవ్వకపోతే మరో 15 పాయింట్లు పోతాయి. కొనబోయేవాడి ఆఫర్ ఈ లెక్కకు సరిపోతుందా అన్నది వార్తల్లో వెతకాల్సిన మొదటి అంకె.

ఇక్కడ ఒక అన్యాయం ఉంది, చెప్పకుండా ఉండలేను. ఆటగాళ్ల జీతాలు, వేరే క్లబ్బులకు ఇవ్వాల్సిన ట్రాన్స్‌ఫర్ డబ్బు పూర్తిగా చెల్లించాలని లీగ్ నిబంధన, దీన్ని ఫుట్‌బాల్ క్రెడిటర్స్ రూల్ అంటారు. మిగిలినవాళ్లకు చిల్లర. 2010లో పోర్ట్స్‌మత్ కూలినప్పుడు బాకీల జాబితాలో సెయింట్ జాన్ అంబులెన్స్ లాంటి స్వచ్ఛంద సంస్థ కూడా ఉంది. క్లబ్ కుప్పకూలితే ఊళ్లో క్యాటరింగ్ చేసినవాళ్లు, చొక్కాలు ప్రింట్ చేసినవాళ్లే ముందు నలిగిపోతారు.

కొనేవాడెవడో తేలినప్పుడు మళ్లీ అదే ప్రశ్న వేయండి: క్లబ్ ఒక్కటేనా, స్టేడియంతో కలిపా? డెర్బీకి ముందు క్రిస్ కిర్చ్‌నర్ అనే అమెరికన్‌ని ఎంపిక చేశారు, గడువులు దాటినా డబ్బు రాలేదు. అప్పుడు స్థానిక వ్యాపారి డేవిడ్ క్లౌస్ ముందు ప్రైడ్ పార్క్ కొన్నాడు, 2022 జులైలో క్లబ్ కొన్నాడు. పోర్ట్స్‌మత్‌లోనూ స్టేడియం ఫ్రాటన్ పార్క్ తనఖా మాజీ యజమాని బలరామ్ చైన్‌రాయ్ కంపెనీ చేతిలో ఉండటంతో, ఆ ముడి విప్పడానికి కోర్టు దాకా వెళ్లాక గానీ 2013లో అభిమానుల ట్రస్ట్ క్లబ్‌ని దక్కించుకోలేకపోయింది. ఒక్కొక్కరు వెయ్యి పౌండ్లు పెట్టి వాటాలు కొన్నారు. ముందుచూపు అంటే చెల్సీ అభిమానులది. 1993లో పెట్టిన, అభిమానులు వాటాదారులుగా ఉన్న చెల్సీ పిచ్ ఓనర్స్ కంపెనీ చేతిలో స్టాంఫర్డ్ బ్రిడ్జ్ స్టేడియం నేల ఉంది, 2011లో క్లబ్ తిరిగి కొంటానంటే ఓటేసి కుదరదన్నారు. ఆ ఓటు వేసినవాళ్లంటే నాకు చాలా గౌరవం.

మన దేశం సంగతికొస్తే, పక్కనే హైదరాబాద్ ఎఫ్‌సీ ఉంది. డబ్బు కష్టాల్లో పడిన పుణె ఫ్రాంచైజీ స్థానంలో 2019లో వచ్చింది, 2022లో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు కొట్టింది, 2023-24లో జీతాలు అందక ఆటగాళ్లు వెళ్లిపోయి ఆఖరి స్థానంలో నిలిచింది, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. గచ్చిబౌలి స్టేడియం ప్రభుత్వానిది. ఇలా ఉండటంలో ఒక మంచి ఉంది, ఏ అప్పులవాడూ గ్రౌండ్ లాక్కుని అపార్ట్‌మెంట్లు కట్టలేడు. చెడు కూడా ఉంది, క్లబ్‌ని ఊరికి కట్టిపడేసేది ఏదీ లేదు, సామాన్లు సర్దుకుని ఎప్పుడైనా పోవచ్చు. మన క్లబ్బులకైతే కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ, అంటే ఎంసీఏ పోర్టల్‌లో కంపెనీ పేరు వెతికి ఇండెక్స్ ఆఫ్ చార్జెస్ చూడండి. 2016 దివాలా చట్టం కింద కోటి రూపాయలు, ఆపైన బాకీ ఉంటే అప్పిచ్చినవాళ్లు కంపెనీ కేసుల ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీకి వెళ్లొచ్చు. కేసు తీసుకుంటే బోర్డు పక్కకు తప్పుకుని రిజల్యూషన్ ప్రొఫెషనల్ వస్తాడు, గడువు 180 రోజులు, పొడిగింపులతో కలిపి 330. లీగ్ ఒప్పందం కూడా గమనించండి. జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్యతో ఉన్న 2010 నాటి 15 ఏళ్ల హక్కుల ఒప్పందం ముగియబోతుంటే కొత్తది తేలక, 2025 జులైలో ఐఎస్‌ఎల్ సీజనే ఆగిపోయింది, కొన్ని క్లబ్బులు జీతాలు నిలిపేశాయి.

మన ఊళ్లో క్లబ్ పెట్టాలనుకునేవాళ్లకు కూడా ఇదే పద్ధతి. 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేయించండి, క్లబ్ ఖాతా క్లబ్ పేరునే తెరవండి, ఎంత మంచి అన్నయ్య అయినా ఆయన వ్యక్తిగత ఖాతాలోకి చందాలు వేయించకండి. గ్రౌండ్ వాడుకోవడానికి ఆఫీసరు నోటిమాట చాలదు, ఆయన బదిలీ అయితే మాట కూడా ఆయనతోనే వెళ్లిపోతుంది. బందరు రోడ్డులోని ఇందిరాగాంధీ స్టేడియం విజయవాడ కార్పొరేషన్‌ది, సభలూ పరేడ్లూ వస్తే మీ ప్రాక్టీస్ ఆగుతుంది కాబట్టి ఏయే రోజులు ఇస్తారో కాగితం మీద రాయించుకోండి. ఏ గ్రౌండ్ అయినా కార్పొరేషన్‌దో, ప్రభుత్వ శాఖదో అయితే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. స్థలం ఎవరి పేరున ఉంది, సర్వే నంబర్ ఎంత, ఎవరికైనా లీజుకిచ్చారా, ఇస్తే ఏ తేదీ వరకు, కిరాయి ఎంత, ఆ లీజు కాపీ కావాలి అని ఒక్కోటి విడివిడిగా నంబర్లేసి అడగండి, గుండుగుత్తగా అడిగితే జవాబూ అలాగే వస్తుంది. 30 రోజుల్లో రాకపోతే అదే ఆఫీసులో మొదటి అప్పీలు వేయండి.