పర్లాకిమిడిలో ఉంటూ అడ్వాన్స్‌డ్ ఇంగ్లీషు సొంతంగా నేర్చుకోవడం ఎలా?

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో రెండూ. ఒడిశాలో పర్లాకిమిడి, రాయగడ, బరంపురం వైపు పెరిగినవాళ్లకి ఇంకో భాషంటే బెదురు ఉండదు. ఇంగ్లీషు పేపరు చదివేస్తాం, ఇంటర్వ్యూ కూడా ఎలాగో నెట్టుకొస్తాం. చిక్కంతా ఆ తర్వాతే. ఆరు నెలలు చదివినా ఉన్నచోటే ఉన్నట్టు అనిపించి మానేస్తాం.

అందుకే ముందు పుస్తకాలు కొనకండి. ఫోన్‌లో రికార్డర్ పెట్టి, బాగా తెలిసిన విషయం మీద 3 నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడి, తేదీ వేసి దాచండి. వింటే సిగ్గేస్తుంది. వేయనివ్వండి.

తర్వాత లక్ష్యం. భాష ఎంత వచ్చో చెప్పే యూరప్ కొలమానంలో ఏ1 నుంచి సీ2 దాకా 6 మెట్లున్నాయి, అడ్వాన్స్‌డ్ అంటే సీ1. కానీ గోడ మీద మెట్టు పేరు రాసుకోవడం కంటే "ఆఫీసు రిపోర్టు ఎవరిచేతా దిద్దించకుండా పంపాలి" అని రాసుకుంటే పని జరుగుతుంది.

వారానికి 5 రోజులు, రోజుకు 40 నిమిషాలు చాలు. రోజుకు 2 గంటలని నేను వేసుకున్న ప్లాన్ ఏదీ రెండో వారం చూడలేదు. చుట్టాలొచ్చిన రోజు కోసం 10 నిమిషాల పని ఒకటి ముందే అనుకుని ఉంచండి: పాత నోట్సు ఒక పేజీ పైకి చదవడం.

ఆ 40 నిమిషాల్లో ఒక సంపాదకీయం చదివి, మూసేసి, మీ మాటల్లో ఆరు వాక్యాలు రాసి, అసలుతో పోల్చండి. మాటల్ని జంటలుగా పట్టుకోండి. మనం కుండపోత వాన అంటాం, కుండపోత గాలి అనం కదా. ఇంగ్లీషులోనూ వానకి 'హెవీ', గాలికి 'స్ట్రాంగ్'. రాసుకున్నవి 1, 3, 7, 21 రోజులకు తిరగేయండి. నేర్చుకున్నది మొదట్లోనే ఎక్కువగా జారిపోతుందని జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే తన మీద తానే ప్రయోగం చేసుకుని చూపించాడు.

తప్పులకు వేరే పుస్తకం పెట్టండి. 'డిస్కస్ అబౌట్', 'ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్' లాంటివి అందులోకి వెళ్తాయి. తెలుగులో లేని 'ద' (the) దగ్గర అందరం తడబడతాం. ఇక్కడ మనకో లాభముంది. ఒడియాలో 'బహి' (పుస్తకం)కి 'టా' చేర్చి 'బహిటా' అన్నామంటే ఏ పుస్తకమో ఇద్దరికీ తెలుసు. 'ద బుక్' చాలావరకు అదే. పూర్తిగా కాదు, కానీ పట్టు దొరుకుతుంది.

చివరిది, మాట్లాడే తోడు. ఈ ఊళ్లోనే పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి, సవర (సవర గిరిజనుల భాష) తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. ఆయన ఇంగ్లీషులో రాసిన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. మనకంత అక్కర్లేదు. ఆదివారం 20 నిమిషాలు ఫోన్‌లో మాట్లాడే ఒక స్నేహితుడు చాలు. ఒక్కోసారికి రెండు తప్పులే చెప్పమనండి, అంతకంటే ఎక్కువ చెబితే నోరు మూతపడుతుంది.

90 రోజులయ్యాక అదే విషయం మీద మళ్లీ 3 నిమిషాలు రికార్డు చేసి, రెండూ వరసగా వినండి. మొదటిది మాత్రం డిలీట్ చేయకండి.