బోర్బన్ కౌంటీ స్టౌట్ సీసా తెరిచే ముందు

షికాగోలో గూస్ ఐలాండ్ అనే బీరు కంపెనీ వాళ్లు ఏటా బ్లాక్ ఫ్రైడేకి, అంటే నవంబర్ చివర్లో అమెరికాలో పెద్ద షాపింగ్ రోజుకి, విడుదల చేసే ఈ స్టౌట్ అనే నల్ల బీరు చేతికొచ్చిందా? మామూలు లాగర్ బీరులా ఫ్రిజ్‌లోంచి తీసి గడగడా తాగేయకండి, ఇది బోర్బన్ విస్కీ పీపాల్లో నెలల తరబడి ఊరింది, ఆల్కహాల్ సుమారు 14 శాతం ఉంటుంది. అరగంట ముందే బయట పెట్టండి. 12, 13 డిగ్రీలకు వచ్చాక చాక్లెట్, వెనిలా, కాలిన చెక్క వాసనలు ఒక్కొక్కటిగా విచ్చుకుంటాయి. మరీ చల్లగా ఉంటే నాలుకకు ఏమీ తెలియదు, అంత మంచి బీరు అలా వృథా అయితే నాకు నిజంగా బాధేస్తుంది. మూతి ఇరుకుగా ఉండే గ్లాసులో మనిషికి 100 మిల్లీలీటర్లు చాలు, అర లీటరు సీసా నలుగురైదుగురు పంచుకోవచ్చు. పక్కన కారం మిక్చర్ వద్దు, ఆల్కహాల్‌తో మంట ఇంకా పెరుగుతుంది, డార్క్ చాక్లెట్ పెట్టుకోండి. తాగాక బండి మాత్రం తీయొద్దు.