వంటింటి ఉప్పులో అయోడిన్‌ను కాపాడుకోవడం ఎలా?

మన శరీరానికి కావలసిన అయోడిన్ చాలా స్వల్పం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవారికి రోజుకు 150 మైక్రోగ్రాములు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు 250 మైక్రోగ్రాములు సరిపోతుంది. థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోన్లకు ఇదే ముడిసరుకు కాబట్టి, ఆ కొంచెమూ అందకపోతే గ్రంథి ఉబ్బి గొంతువాపు వస్తుంది. అంతకంటే పెద్ద నష్టం కంటికి కనిపించదు: గర్భంలోని శిశువుకు అయోడిన్ బాగా కొరవడితే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది, ఆ లోటును తరువాత పూడ్చడం సాధ్యం కాదు.

ఈ లోటును ఉప్పుతో తీర్చవచ్చునని మన దేశంలో రుజువు చేసిన వైద్యుడు శ్రీకాకుళంలో పుట్టిన వులిమిరి రామలింగస్వామి. హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో 1956లో మొదలైన అధ్యయనంలో ఆయన బృందం కొన్ని ప్రాంతాలకు అయోడిన్ కలిపిన ఉప్పును, మరొక ప్రాంతానికి మామూలు ఉప్పును సరఫరా చేయించి, అయోడిన్ అందిన చోట గొంతువాపు తగ్గడాన్ని గమనించింది. 1962లో జాతీయ కార్యక్రమం మొదలైంది. నేరుగా తినడానికి అమ్మే ఉప్పులో అయోడిన్ ఉండి తీరాలన్న నిబంధన 2006 మే నుంచి దేశమంతటా అమలులో ఉంది.

అయినా నౌపడ, చినగంజాం వంటి ఉప్పు మడుల నుంచి వచ్చే కల్లుప్పును బస్తాల్లో విడిగా కొనే అలవాటు మన పల్లెల్లో ఇంకా పోలేదు. సముద్రపు ఉప్పే కదా, అందులో అయోడిన్ సహజంగానే ఉంటుందని చాలామంది అనుకుంటారు, కానీ మడిలో గడ్డకట్టిన ఉప్పులో మిగిలే అయోడిన్ అత్యల్పం. ఖరీదైన సైంధవ లవణానిదీ అదే సంగతి. దాని గురించి సాగుతున్న ప్రచారంలో ఈ మాట ఎక్కడా వినిపించదు. కాబట్టి పొడి ఉప్పైనా, కల్లుప్పైనా, ప్యాకెట్ మీద అయోడిన్ కలిపినట్టు స్పష్టంగా రాసి ఉన్నదే కొనండి, తయారీ తేదీ కూడా చూడండి. వినియోగదారుని చేతికి చేరేసరికి కిలో ఉప్పులో కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ మిగిలి ఉండాలి.

ఎంత కొనాలన్నదీ ముఖ్యమే. మనిషికి రోజుకు 5 గ్రాములకు, అంటే సుమారు ఒక టీస్పూనుకు, మించి ఉప్పు వద్దన్న సలహా ప్రకారం నలుగురున్న ఇంటికి నెలకు 600 గ్రాములు చాలు. కిలో ప్యాకెట్ ఇరవై రోజుల్లోనే ఖాళీ అవుతుంటే లోపం అయోడిన్‌లో కాదు, ఉప్పు వాడకంలో ఉంది. కిలోకు 30 మిల్లీగ్రాములున్న ఉప్పు 5 గ్రాములు తింటే 150 మైక్రోగ్రాములు అందుతాయి, 15 మాత్రమే ఉంటే అందులో సగం. మిగతాది పాలు, పెరుగు, గుడ్లు, సముద్రపు చేపలు, రొయ్యల నుంచి రావాలి. వీటిని అసలే ముట్టనివారు ఉప్పు నాణ్యత విషయంలో మరింత జాగ్రత్త పడాలి. అయోడిన్ కోసమని ఉప్పు పెంచడం మాత్రం ఎవరికీ తగదు, రక్తపోటు ఉన్నవారికి అసలే తగదు.

ఇంటికి తెచ్చిన తరువాత అయోడిన్‌ను పోగొట్టేవి తేమ, వేడి, ఎండ. ఉప్పును మూత బిగుతుగా ఉన్న సీసాలోనో, పింగాణీ జాడీలోనో పోసి, పొయ్యి పక్కన కాకుండా కాస్త దూరంగా పెట్టి, పొడి చెంచాతోనే తీయాలి. చెమ్మ పీల్చే మట్టికుండ దీనికి పనికిరాదు. కల్లుప్పును కడిగి ఆరబెట్టుకునే అలవాటున్న ఇళ్లలో ఒక విషయం గుర్తుంచుకోవాలి: అయోడిన్ కలిపిన కల్లుప్పులో అది ఎక్కువగా రాళ్ల పైపొరనే అంటుకుని ఉంటుంది, కడిగితే మురికితో పాటు అదీ పోతుంది. కూర, పప్పు, చారు మరిగేటప్పుడు కూడా కొంత నష్టం తప్పదు కాబట్టి, వీలున్న వంటల్లో ఉప్పును దించే ముందు వేయడం మంచిది.

ఆవకాయకు అయోడిన్ లేని కల్లుప్పే కావాలనే ఇళ్లు చాలా ఉన్నాయి. అయోడిన్ వల్ల పచ్చడి పాడవుతుందన్న భయానికి గట్టి ఆధారం లేదు, అయినా ఏటా ఒకసారి పెట్టే పచ్చడి దగ్గర పెద్దవారితో వాదించడం కంటే, రోజువారీ వంటకు మాత్రం అయోడిన్ ఉప్పే వాడేలా చూసుకోవడం మేలు.

ఏడాది నిండని పిల్లల ఆహారంలో ఉప్పు కలపనక్కరలేదు. తల్లిపాలు తాగే బిడ్డకు అయోడిన్ తల్లి నుంచే అందుతుంది కాబట్టి, బాలింతకు పెట్టే పత్యం పేరుతో పాలు, గుడ్లు మాన్పించకూడదు. థైరాయిడ్ మాత్రలు వేసుకునేవారు సాధారణంగా ఈ ఉప్పును మానేయనవసరం లేదు. అయితే సముద్రపు నాచుతో చేసిన మాత్రలలో అయోడిన్ మితిమీరి ఉండవచ్చు, దానివల్లా గ్రంథి పనితీరు చెడుతుంది కాబట్టి, వాటిని సొంతంగా వాడకూడదు. రేడియోధార్మిక అయోడిన్ చికిత్సకు వెళ్లేవారికి కొన్నాళ్ల పాటు అయోడిన్ తక్కువగా ఉన్న ఆహారం అవసరమవుతుంది. ఏ ఉప్పు వాడాలో, ఎన్ని రోజులు వాడాలో ఆ వైద్యులనే ముందుగా అడిగి తెలుసుకోవాలి.