హాల్ ఆఫ్ ఫేమ్ అర్హత తేల్చేటప్పుడు కప్పుల్ని ఎలా లెక్కించాలి

ఒక క్రికెటర్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి (ఆటలో గొప్పవాళ్లని గౌరవించే జాబితాకి) తగునా అన్న మాట రాగానే ‘ప్రపంచ కప్ గెలిచాడా?’ అని అడుగుతారు. ఆ ప్రశ్నని చివరికి ఉంచండి. ఐసీసీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో హ్యాడ్లీ, లారా, కుంబ్లే, ద్రవిడ్, డివిలియర్స్ ఉన్నారు. ఆటగాళ్లుగా వీళ్లెవరికీ ప్రపంచ కప్ లేదు.

ముందు ఆట స్వభావం చూడండి. టెన్నిస్ సింగిల్స్‌లోనో, బ్యాడ్మింటన్‌లోనో టైటిల్ పూర్తిగా ఆటగాడి కష్టమే, కాబట్టి దానికే ఎక్కువ బరువివ్వాలి. జట్టు ఆటల్లో అలా కుదరదు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో రాబర్ట్ హోరీకి 7 టైటిళ్లున్నాయి, చార్లెస్ బార్క్‌లీకి ఒక్కటీ లేదు. అయినా 2006లో బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది బార్క్‌లీకే.

తర్వాత అవకాశం. ఆ ఆటగాడు ఎన్ని ప్రపంచ కప్పుల్లో ఆడాడో రాసుకోండి. పురుషుల ప్రపంచ కప్ మొదలైందే 1975లో, ఆస్ట్రేలియా దిగ్గజం బ్రాడ్‌మన్ కాలానికి అది లేనే లేదు. మన వీవీఎస్ లక్ష్మణ్ 134 టెస్టులాడినా ఒక్క ప్రపంచ కప్ మ్యాచ్ కూడా ఆడలేదు. ఆడనివాణ్ణి గెలవలేదనడం అన్యాయం. 2001లో ఈడెన్ గార్డెన్స్‌లో ఫాలోఆన్ (మొదటి ఇన్నింగ్స్‌లో బాగా వెనకబడి వెంటనే మళ్లీ బ్యాటింగ్) ఆడుతూ అతను చేసిన 281, ద్రవిడ్‌తో కలిపిన 376 పరుగులు వరసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియాని ఓడించాయి. టైటిళ్ల జాబితాలో దీనికి చోటే ఉండదు, అందుకే ద్వైపాక్షిక సిరీస్‌లకు విడిగా ఒక గడి పెట్టుకోండి. లక్ష్మణ్‌ని కాదనాలంటే 17 టెస్టు సెంచరీలు, 46కి కాస్త తక్కువ సగటు చాలవని వాదించండి. అది సరైన వాదన.

అసలు పని మూడోది: గెలుపులో వాటా తేల్చడం. సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ వాల్సన్ 1983 విజేత జట్టు సభ్యుడే, కానీ ఆ టోర్నీలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అదే జట్టులోని మొహిందర్ అమర్‌నాథ్ సెమీస్‌లోనూ ఫైనల్లోనూ మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్. ఇద్దరి పేరు పక్కనా ‘ఒక కప్పు’ అని రాస్తే ఆ లెక్కకి అర్థం లేదు. కాబట్టి నాకౌట్ మ్యాచ్‌ల స్కోర్‌కార్డులు తెరిచి పరుగులు, వికెట్లు, అవి పడిన సందర్భం చూడండి.

ఒకే ఆటగాడి రెండు టోర్నీలు పక్కపక్కన పెట్టినా తేడా తెలుస్తుంది. 2003లో సచిన్ 673 పరుగులు చేసి టోర్నీ ఉత్తమ ఆటగాడయ్యాడు, ఫైనల్లో భారత్ ఓడింది. 2011లో చేసినవి 482, కప్పు వచ్చింది. ఆ ఫైనల్లో అతను 18కే అవుటైతే, గంభీర్ 97, ధోని 91 నాటౌట్ గట్టెక్కించాయి. కప్పే కొలమానమైతే 2003 సచిన్ తక్కువవాడనాలి. ఎవరొప్పుకుంటారు?

మార్కులేయాలనుకుంటే పదికి ఇలా పంచండి: ఏళ్ల తరబడి నిలకడ 4, తన కాలంలో మిగతావాళ్లపై ఆధిక్యం 3, పెద్ద మ్యాచ్‌ల్లో ఆట 2, టైటిళ్లు 1. మొదటి మూడింట్లో ఇద్దరు సమానంగా తేలితేనే ఆ ఒక్క మార్కు ఎవరు ముందో చెప్పాలి. కెప్టెన్లకు మాత్రం టైటిళ్ల మార్కుల్ని 3కి పెంచి, నిలకడ నుంచి 2 తగ్గించండి. బౌలింగ్ మార్పులూ బ్యాటింగ్ ఆర్డరూ వాళ్ల నిర్ణయాలే కదా. 2007, 2011, 2013లో కెప్టెన్‌గా ధోని గెలిచిన ఐసీసీ టైటిళ్లు ఆ లెక్కలోకే వస్తాయి.

ఓడిన కెప్టెన్‌ని తూచేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి. మిథాలీ రాజ్ జట్టు 2005, 2017 మహిళల ప్రపంచ కప్ ఫైనల్స్‌లో ఓడింది. 2017లో లార్డ్స్‌లో 191కి 3 వికెట్లతో ఉన్న భారత్ 219కి ఆలౌటై 9 పరుగుల తేడాతో కప్పు పోగొట్టుకుంది. చివరి ఏడు వికెట్లు పడేటప్పటికే మిథాలీ 17 పరుగులకు రనౌటై పెవిలియన్‌లో ఉంది. ఆ రనౌట్‌ని ఆమె ఖాతాలో రాయండి, తర్వాతి కుప్పకూలడాన్ని రాయకండి. దాని ఎదురుగా ఆమె 7,805 వన్డే పరుగులు పెట్టి తూచండి.