లాక్‌డౌన్‌లో డాబా మీద వాకింగ్: అపార్ట్‌మెంట్‌లో గొడవ పడకుండా నడవడం ఎలా

మళ్ళీ ఎప్పుడైనా లాక్‌డౌన్ లాంటిది పెడితే (రాకూడదనే కోరుకుందాం), అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో బియ్యం, పాల ప్యాకెట్ల గొడవ సర్దుకోగానే మొదలయ్యేది వాకింగ్ గొడవే. 2020లో అదే జరిగింది, 2021లోనూ అదే. ఒకాయన డాబా మీద నడుస్తుంటాడు, ఎదురు బ్లాకు బాల్కనీలోంచి ఒకావిడ ఫొటో తీసి గ్రూపులో పెడుతుంది, "రూల్స్ మాకేనా, వాళ్ళకి లేవా?" అని కింద ఒక లైను, దాని కింద తెల్లారేదాకా మెసేజీలు. హైదరాబాద్‌లో ఆ రెండు వేసవులూ అసోసియేషన్ పనులు చూసినవాడిగా నాకు అర్థమైంది ఒకటే, జనం ఒక తగాదా అనుకుని మూడు తగాదాలు ఆడుతుంటారు. చట్టం ఒప్పుకుంటుందా అన్నది ఒకటి. జబ్బు అంటుకుంటుందా అన్నది రెండోది. మేం ఇంట్లో మగ్గిపోతుంటే వాళ్ళు హాయిగా తిరగడమేంటి అన్న కడుపుమంట మూడోది. మూడూ కలిపి మాట్లాడితే ఎన్ని మీటింగులు పెట్టినా తేలదు, విడదీస్తే ఒక్క సాయంత్రంలో తేలుతుంది.

ముందు చట్టం సంగతి చూడండి, అది తేలితే సగం అరుపులు వాటంతటవే ఆగుతాయి. 2020 మార్చి 25 నుంచి దేశమంతా పెట్టిన లాక్‌డౌన్‌లో కిరాణా, మందులు, ఆసుపత్రి అని మినహాయింపులు ఉన్నాయి గానీ వ్యాయామం అన్న మాటే లేదు. అంటే రోడ్డు మీద వాకింగ్ కుదరదు, పార్కులకి ఎలాగూ తాళాలు. సరిగ్గా ఇక్కడే ఎవరో ఒకరి అబ్బాయి లండన్ నుంచి ఫోన్‌లో "మేం రోజూ రన్నింగ్‌కి వెళ్తున్నాం నాన్నా, మీకేమైంది" అంటాడు, ఆ మాట పట్టుకుని నాన్నగారు గ్రూపులోకి దిగుతారు. ఇంగ్లండ్‌లో రోజుకొకసారి వ్యాయామానికి బయటికి రావచ్చన్నది నిజమే. ఫ్రాన్స్‌లో కూడా ఇంటికి కిలోమీటరు లోపు, గంటసేపు, చేతిలో కాగితం పెట్టుకుని తిరగనిచ్చారు, అయితే పారిస్‌లో ఏప్రిల్ 8 నుంచి పగలు పదింటి నుంచి రాత్రి ఏడింటి దాకా జాగింగ్ బంద్ చేశారు. స్పెయిన్‌లో మే 2 దాకా పెద్దవాళ్ళు వ్యాయామం పేరుతో గడప దాటడానికే లేదు. ఎవరి దేశం రూలు వాళ్ళది. అంత దూరం ఎందుకు, 2021లో ఆంధ్రలో మే 5 నుంచి మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ, తెలంగాణలో మే 12 నుంచి మొదట్లో ఉదయం 6 నుంచి 10 దాకానే సడలింపు. విజయవాడ బావమరిది ఫార్వర్డ్ చేసిన మెసేజ్ మియాపూర్‌లో చెల్లదు. కాబట్టి మొదటి పని, మీ రాష్ట్రం ఇచ్చిన తాజా ఉత్తర్వు పీడీఎఫ్ దొరకబుచ్చుకుని గ్రూపులో పైన పిన్ చేయడం. టీవీ స్క్రోలింగ్ ఫొటోలు కాదు, ఉత్తర్వే.

గేటు లోపలి సంగతి వేరు. డాబా, సెల్లారు, బ్లాకుల మధ్య దారి గురించి ఉత్తర్వులో విడిగా ఏదైనా ఉంటే అదే పాటించాలి, మీది కంటైన్‌మెంట్ జోన్ అయితే అధికారులు చెప్పిందే ఆఖరు మాట. ఏమీ లేకపోతే ఆ ఖాళీని అసోసియేషన్ నింపాలి. నింపాలన్నాను కదా అని ఫైన్లు వేయడం, నీళ్ళు కట్ చేస్తామని బెదిరించడం మొదలుపెట్టకండి, అసోసియేషన్ అంటే పోలీస్ స్టేషన్ కాదు. ఇంకో మాట, అద్దెకి ఉండేవాళ్ళని కూడా కూర్చోబెట్టి మాట్లాడండి. ఓనర్లు మాత్రమే తేల్చిన టైమింగ్స్‌ని అద్దెవాళ్ళు ఎందుకు పాటించాలి?

ఇక జబ్బు సంగతి. ఇక్కడ భయం ఎక్కడ పెట్టుకోవాలో తెలిస్తే చాలు. చైనాలో తొలి నెలల కేసుల్ని తవ్విన పరిశోధకులకి, వివరాలు సరిగ్గా దొరికిన 7,324 కేసుల్లో ఆరుబయట అంటుకున్న ఘటన ఒక్కటే కనిపించింది, అది కూడా ఒక పల్లెలో ఊహాన్ నుంచి వచ్చిన మనిషితో నిలబడి మాట్లాడినప్పుడు. అప్పుడు జనం బయట తిరగడమే తక్కువ కాబట్టి ఆ అంకెని కళ్ళకద్దుకోనక్కర్లేదు, కానీ విషయం ఎటు మొగ్గుతుందో తెలుస్తుంది. ప్రమాదం నడకలో కన్నా కబుర్లలో ఎక్కువ, బయట కన్నా లోపల ఎక్కువ.

ఈ ఒక్క ముక్క పట్టుకుంటే చాలా వాదనలు తలకిందులవుతాయి. డాబా మీద నడిచేవాళ్ళని తిడుతూ సెల్లార్లో నడిచేవాళ్ళని వదిలేశారు చాలాచోట్ల, ఎందుకంటే సెల్లారు ఎవరి బాల్కనీలోంచీ కనపడదు. నిజానికి మూడు పక్కలా గోడ, పైన స్లాబు, గాలి ఆడేది ర్యాంపు వైపు మాత్రమే, అక్కడ పదిమంది రొప్పుతూ తిరగడం కన్నా డాబా వెయ్యి రెట్లు నయం. లిఫ్టు మరీ అన్యాయం. నడకకి వెళ్ళడానికి నలుగురు లిఫ్టు ఎక్కి, పైన ఆరడుగుల దూరం పాటించడం ఏం లెక్క? మెట్లెక్కండి, అదీ మాస్కుతో, రెయిలింగ్ పట్టుకుంటే దిగాక చేతులు కడుక్కోండి. మెట్ల మీదే పైకీ కిందికీ తిరుగుతూ వ్యాయామం చేసేవాళ్ళకి మాత్రం వద్దని చెప్పండి, అది అందరికీ దారి, కిటికీ ఉన్నా గాలి అంతంతమాత్రం.

2020 ఏప్రిల్‌లో ఒక బొమ్మ అన్ని గ్రూపుల్లోనూ తిరిగింది, గుర్తుందా? పరుగెత్తే మనిషి వెనక రంగురంగుల తుంపర్ల తోక. బెల్జియం, నెదర్లాండ్స్ పరిశోధకులు కంప్యూటర్ మీద వేసిన లెక్క అది. నడిచేవాళ్ళ వెనక 4-5 మీటర్లు, పరుగెత్తేవాళ్ళ వెనక 10, జోరుగా సైకిల్ తొక్కేవాళ్ళ వెనక 20 మీటర్లు వదలమన్నారు. తుంపర్లు ఎటు పోతాయన్నదే అందులో ఉంది, జబ్బు ఎవరికి అంటుకుంటుందన్నది లేదు, పైగా తోటి శాస్త్రవేత్తలు పరిశీలించకముందే బయటికొచ్చింది. అయినా అందులోంచి పనికొచ్చేది ఒకటి ఉంది, ఎవరి వీపుకీ అంటుకుని నడవకండి, దాటాలంటే పక్కకి బాగా జరిగి దాటండి. మన ఆరోగ్య శాఖ చెప్పిన ఆరడుగులు మనుషులు నిలబడ్డప్పుడు సరే, నడిచేటప్పుడు పదిహేను అడుగులు పెట్టుకుంటే తగాదా ఉండదు.

ఇప్పుడు డాబా లెక్క. టేపు తీసుకుని పైకెళ్ళండి, ఈ ఒక్క పని చేస్తే మీటింగులో మీ మాటకి బలం వస్తుంది. ఉదాహరణకి డాబా 60 అడుగులు, 40 అడుగులు అనుకుందాం. పిట్టగోడకి కొంచెం ఎడంగా, వాటర్ ట్యాంకు, సోలార్ హీటర్లు, డిష్ వైర్లు, బట్టల తీగలు తప్పించుకుంటూ తిరిగితే ఒక రౌండు దాదాపు 160 అడుగులు వస్తుంది. పదిహేను అడుగుల ఎడం అంటే కాగితం మీద పదిమంది పడతారు, కానీ మనుషులు ఒకే వేగంతో నడవరు, మధ్యలో చెప్పు ఊడుతుంది, ఫోన్ వస్తుంది, అందుకే ఆరుగురు చాలు. ఇరవై ఫ్లాట్లు, ఇంటికి ఇద్దరు అంటే నలభై మంది. అరగంటకి ఆరుగురు చొప్పున ఏడు బ్యాచ్‌లు. ఉదయం 5 నుంచి 7.30 దాకా ఐదు, సాయంత్రం 5.30 నుంచి 7.30 దాకా నాలుగు బ్యాచ్‌లు పడతాయి, అంటే పిల్లలకి రెండు మిగిలాయి. ఇరవై రౌండ్లు కొడితే కిలోమీటరుకి కాస్త తక్కువ. అందరూ ఒకే వైపు తిరగాలి, ప్రదక్షిణ చేసినట్టు, ఎదురెదురు రాకుండా. మే నెలలో ఎండ ఎక్కాక డాబా మీద కాలు పెట్టలేం కాబట్టి మధ్యాహ్నం బ్యాచ్ గురించి ఎవరూ కొట్టుకోరు.

బ్యాచ్‌లు ఎవరికి ఏది అన్నదగ్గర జాగ్రత్త. "ముందొచ్చినవాళ్ళకి ముందు" అన్నారో, రిటైరైన పెద్దాయనలు ఉదయం బ్యాచ్‌లన్నీ పట్టేస్తారు. ఆ టైమ్‌కి ఆడవాళ్ళు టిఫిన్, పిల్లల ఆన్‌లైన్ క్లాసు, ఆఫీస్ లాగిన్ మధ్య నలుగుతుంటారు, సాయంత్రం మళ్ళీ వంట. పని చేసే ఆడవాళ్ళని ముందు అడగండి, వాళ్ళు కావాలన్నది రాసేశాక మిగతావి చీటీలు వేయండి. షుగర్ ఉన్నవాళ్ళకి వేరే మాట చెప్పాలి, డాబా దొరక్కపోతే నడకే ఉండదని బెంగ పెట్టుకోనక్కర్లేదు, భోజనం చేశాక హాల్లోనే పది పదిహేను నిమిషాలు అటూ ఇటూ తిరిగినా షుగర్ అంతగా పెరగదు.

మాస్క్ దగ్గర రెండు పార్టీలు తయారవుతాయి. మెట్లు, లిఫ్టు, కారిడార్‌లో తప్పనిసరి, దాని మీద చర్చ వద్దు. డాబా మీద మామూలుగా నడిచేవాళ్ళు పెట్టుకుంటే మంచిది. కానీ పరుగెత్తేవాళ్ళు, స్కిప్పింగ్ చేసేవాళ్ళు చెమటకి మాస్క్ తడిసి ఊపిరాడక అవస్థ పడతారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2020లో వ్యాయామం చేసేటప్పుడు మాస్క్ వద్దనే చెప్పింది. అలాంటివాళ్ళని తెల్లవారుజామున ఐదింటి బ్యాచ్‌లో, ఇద్దరు ముగ్గురికి మించకుండా పెట్టండి. పొద్దున్నే లేచే ఓపిక ఉందో లేదో కూడా తేలిపోతుంది.

ఫొటోల విషయం ఖచ్చితంగా ముందే చెప్పుకోవాలి. దూరం నుంచి జూమ్ చేసి తీస్తే ముందు వెనక ఉన్న మనుషులు ఒకరి మీద ఒకరు పడ్డట్టు కనిపిస్తారు. 2020 ఏప్రిల్‌లో డెన్మార్క్‌లో ఇద్దరు ఫొటోగ్రాఫర్లు ఇదే చూపించారు, ఒకే చోట, ఒకే జనం, ఒక లెన్సుతో తీస్తే తిరునాళ్ళలా, ఇంకో లెన్సుతో తీస్తే బోలెడంత ఎడంగా. అందుకే నాలుగో అంతస్తు బాల్కనీ నుంచి తీసిన ఫొటో సాక్ష్యం కాదు. ఫిర్యాదు ఉంటే సెక్రటరీకి విడిగా మెసేజ్, గ్రూపులో ఫొటో పెడితే అడ్మిన్ డిలీట్ చేయడం, అంతే.

వాచ్‌మన్‌ని పోలీసుని చేయకండి. దీని గురించి కొంచెం గట్టిగానే చెప్తాను. గేటు దగ్గర టెంపరేచర్ గన్ పట్టుకునేది అతనే, పార్సిళ్ళు తీసుకునేది అతనే, సెల్లార్లో ఒక్క గది కాపురం, భార్య, ఇద్దరు పిల్లలు. అందరికన్నా ఎక్కువమంది ఎదురుపడేది అతనికి. పైగా "డాబా మీద ఎక్కువమంది ఉన్నారు, వెళ్ళి దించెయ్" అని ప్రెసిడెంట్ ఫోన్ చేస్తే, ఆరు అంతస్తులు ఎక్కి "సార్, దిగాలంట" అని తనకి జీతమిచ్చే మనిషితో ఎలా అంటాడు? అనలేడు. అంటే తిట్లు, అనకపోతే తిట్లు. టైమ్ అయిపోయిందని చెప్పాల్సింది తర్వాతి బ్యాచ్‌వాళ్ళే. "బాబాయ్ గారూ, ఇంక మా బ్యాచ్ అండీ, మీరు దిగాకే మేం ఎక్కుతాం" అని మెట్ల దగ్గర నిలబడి నవ్వుతూ అంటే చాలు, ఎంత మొండి మనిషైనా దిగుతాడు. వాచ్‌మన్ పిల్లలు ఆడుకునేది ఆ సెల్లార్లోనే కాబట్టి అక్కడ నడక ఎందుకు వద్దో చెప్పడానికి ఇది ఇంకో కారణం, పిల్లల బ్యాచ్‌లో వాళ్ళ పేర్లు కూడా రాయండి.

ఎవరింట్లోనైనా పాజిటివ్ వస్తే ఆ ఇంట్లోవాళ్ళెవరూ డాబా ఎక్కకూడదు, ఇందులో బేరం లేదు. కానీ తలుపుకి కాగితం అంటించడాలు, గేటుకి తాళం వేయడాలు వద్దు, అధికారులు చెప్తే తప్ప ఇళ్ళ ముందు పోస్టర్లు అంటించొద్దని సుప్రీంకోర్టు 2020 డిసెంబర్‌లోనే చెప్పింది. వాళ్ళ బ్యాచ్‌ని వేరేవాళ్ళకి ఇచ్చేయకుండా అలాగే ఉంచండి, తగ్గాక వచ్చి వాళ్ళ టైమ్‌లోనే నడుస్తారు, ఎవరినీ అడుక్కోవాల్సిన పని ఉండదు.

ఇదంతా ఒక కాగితం మీద రాసి లిఫ్టు పక్కన అంటించాలి. ఇలా రాస్తే సరిపోతుంది: "ఓనర్లకి, అద్దెకి ఉంటున్నవాళ్ళకి. డాబా మీద నడక ఉదయం 5 నుంచి 7.30, సాయంత్రం 5.30 నుంచి 7.30. అరగంటకి ఆరుగురు, అందరూ ఒకే వైపు, ఒకరికొకరికి పదిహేను అడుగులు. మెట్ల మీద మాస్క్. కబుర్లు ఫోన్‌లో. జ్వరం, దగ్గు ఉంటే ఇంట్లోనే ఉండండి, బ్యాచ్ మీకే ఉంటుంది. సెల్లార్లో నడక లేదు. ఫిర్యాదులు సెక్రటరీకి మాత్రమే."

కింద తేదీ వేయండి, ఇవాళ్టి తేదీతో పాటు ఈ కాగితం ఎప్పటిదాకా చెల్లుతుందో ఆ తేదీ కూడా. పదిహేను రోజులు చాలు. గడువు పెట్టకపోతే ఏమవుతుందంటే, లాక్‌డౌన్ ఎత్తేసిన ఆర్నెల్లకి కూడా ఎవరో ఒకరు డాబా తాళంచెవి జేబులో వేసుకుని "అసోసియేషన్ రూలు" అంటుంటారు.