యాసంగి నారు పాఠాలు – 4: చలి రాత్రి తర్వాత వచ్చే ఎండ

డిసెంబరు చివర్న ఆదిలాబాద్, సంగారెడ్డి వైపు రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందకు దిగడం కొత్త కాదు. సరిగ్గా అప్పుడే యాసంగి (రబీ) వరి నారు మడిలో ఉంటుంది. నాలుగు రోజుల్లో పసుపు బారి గిడసబారుతుంది. రాత్రి చలి కొట్టిందంటాం. అది సగం నిజం. మిగతా సగం తెల్లవారాక జరుగుతుంది.

ఆకు ముందు వెలుతురును పడుతుంది, ఆ శక్తితో గాలిలోని కార్బన్ డయాక్సైడును చక్కెరగా మారుస్తుంది. వెలుతురును పట్టే పని చలికి ఆగదు. చక్కెర చేసేవి మాత్రం ఎంజైములు, అంటే ఆకులో రసాయన మార్పులు నడిపే ప్రొటీన్లు, వాటికి వెచ్చదనం కావాలి. అందుకే రాత్రంతా చల్లబడ్డ ఆకు మీద పొద్దున్నే తేటగా ఎండ పడితే శక్తి వచ్చి పడుతూనే ఉంటుంది, ఖర్చయ్యే దారి ఉండదు. ఆ మిగులు శక్తి ఆక్సిజన్‌ను హానికర రూపాల్లోకి మార్చి, వెలుతురును పట్టే యంత్రాంగాన్నే దెబ్బతీస్తుంది. కొత్త పత్రహరితం తయారీ కూడా చలికి కుంటుపడుతుంది. పసుపు రంగు అక్కణ్నుంచే.

ఇక హార్మోన్లు. చల్లబడ్డ వేర్లు నీటిని సరిగా తోడలేవు. మొక్క అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోనును పెంచి పత్రరంధ్రాలు మూసుకుంటుంది. నీరు మిగులుతుంది గానీ కార్బన్ డయాక్సైడు లోపలికి రాదు, చక్కెర పని ఇంకా మందగిస్తుంది. మరోపక్క మొక్కను పొడవు సాగనిచ్చే జిబ్బరెల్లిన్ అనే హార్మోను తగ్గి నారు సాగదు. (ఈ హార్మోను జాడ మొదట దొరికింది వరిలోనే. నారు అతిగా సాగిపోయే తెగులును పరీక్షిస్తూ 1926లో జపాన్ శాస్త్రవేత్త కురొసావా పట్టుకున్నాడు.) గిడసబారడాన్ని నేను జబ్బుగా చూడను, మొక్క తనను కాచుకునే తీరు అది. గాభరాపడి యూరియా చల్లితే చల్లటి వేర్లు దాన్ని సరిగా అందుకోలేవు.

సాయంత్రం కర్రల ఊతంతో పాలిథిన్ పట్టా గానీ, యూరియా సంచులు కుట్టిన పట్టా గానీ కప్పండి, ఆకులకు తగలనివ్వకండి. పొద్దున్నే మడిలోని చల్లటి నీళ్లు తీసేసి బోరు నీళ్లు పెట్టండి. ఆ వేళకు అవే వెచ్చన. ఆ తర్వాత పట్టా తీయండి, మధ్యాహ్నం దాకా ఉంచితే నారు ఉడికిపోతుంది. కింది ఆకుల మీద తుప్పు రంగు మచ్చలుంటే జింకు లోపం కూడా తోడైనట్టు. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి పిచికారీ చేయండి.

ఈ వారం అభ్యాసం: మూడు రోజులు ఉదయం ఆరున్నరకు మడి నీళ్లలో, బోరు నీళ్లలో థర్మామీటరు పెట్టి రెండు అంకెలూ రాసుకోండి. మడిలో ఓ మూల చాపంత జాగా కప్పకుండా వదలండి. అక్కడి కొత్త ఆకును, కప్పిన చోటి కొత్త ఆకును పక్కపక్కన పెట్టి చూడండి. ముదురాకు వద్దు, దాని రంగు పోయిన వారం సంగతి చెబుతుంది. ఆ రాతలు దగ్గర పెట్టుకుంటే 5వ పాఠంలో నాటు ఎప్పుడు వేయాలో తేల్చుకుందాం.